కథలో చెప్పని మాట
(బాలల పఠనంలో ఊహ, మూలభావం)

కథ చదవడం వేరు. కథ అచ్చయిన అక్షరాలను చదవడం వేరు. ఈ రెంటికీ గల అంతరాన్ని మనం గుర్తించకపోవడం వల్లనే ప్రాథమిక తరగతులలో భాషాబోధన సగం దారిలో ఆగిపోతున్నది. నాల్గవ తరగతి బాలుడు ఒక పుట కథను తడబాటు లేకుండా చదువుతాడు. "రాజు ఎక్కడికి వెళ్ళాడు?" అని అడిగితే "వేటకు వెళ్ళాడు" అని వెంటనే బదులు చెప్తాడు. "రాజు దిగులుగా ఎందుకు తిరిగివచ్చాడు?" అని అడగండి. "ఎందుకంటే" అనే మాట గల వాక్యం కోసం పుట అంతా వెదకుతాడు. దొరికితే చదివి వినిపిస్తాడు. దొరకకపోతే తల వంచుకుంటాడు. జవాబు పుటలోనే ఉన్నది. రాజు ఖాళీ చేతులతో, తెగిన వింటితో వచ్చాడన్న వర్ణనలో ఉన్నది. ఆ వర్ణన నుండి కారణాన్ని తానే తీసుకోవచ్చునని ఆ బాలునికి ఎవరూ చెప్పలేదు.

చెప్పిన మాటల నుండి చెప్పని మాటను గ్రహించడం మొదటి నేర్పు. కథ అంతా ఏ భావం చుట్టూ అల్లుకొన్నదో తెలుసుకోవడం రెండవ నేర్పు. మొదటిదానిని ఊహ లేక అనుమితి అనీ, రెండవదానిని మూలభావం అనీ ఈ వ్యాసంలో వ్యవహరిస్తాను. ఇవి బడిపంతుళ్ళకు మాత్రమే సంబంధించిన సంగతులని విద్యార్థి మిత్రులు భావించరాదు. మీలో ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళదలచినవారు ఉన్నారు. తక్కినవారి ఇండ్లలో కూడ సాయంకాలం తమ్ముడికో చెల్లెలికో పాఠం చెప్పేది కళాశాలకు వెళ్ళే అన్నయ్యో అక్కయ్యో కదా.

ఇంకొక కారణం కూడ ఉన్నది. ఇంట ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లవాడు ఇటువంటి ప్రశ్నకు మౌనం వహిస్తే, "వీనికి తెలుగు రాదు" అని తీర్మానించడం పరిపాటి. ఆ తీర్మానం చాలాసార్లు తొందరపాటు. "పాలు పొంగేలా ఉన్నాయి" అని దాదీమా ఉర్దూలో అనగానే ఏడేండ్ల మనుమరాలు లేచి పొయ్యి దగ్గరకు పరుగెత్తుతుంది. మంట తగ్గించుమని ఆమె అనలేదు, పిల్ల గ్రహించింది. ఈ శక్తి ప్రతి శిశువుకూ ఉన్నది. ఇంటి మాటలో నిత్యం వాడుకొనే ఆ శక్తిని పుస్తకం ముందు కూడ వాడవచ్చునన్న ధైర్యమే కొరవడుతున్నది.

అనుమానం, ఖియాస్

ఊహించి గ్రహించడం మన దేశానికి కొత్త విద్య కాదు. న్యాయశాస్త్రం ప్రత్యక్షం తరువాత చెప్పిన ప్రమాణం అనుమానం. కొండమీద పొగ కనిపిస్తున్నది; పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటశాలలో ఇదివరకే చూచి ఉన్నాము; కాబట్టి కొండమీద నిప్పు ఉన్నది. తర్కం చదువుకొనేవారి మొదటి పాఠం ఇదే. "నిప్పు లేనిదే పొగ రాదు" అనే మన సామెత ఆ శాస్త్రవిషయాన్నే పామరుని నోట పలికిస్తున్నది.

ఇందులో మూడు అంగాలను గమనించండి. కంటికి కనిపించిన గుర్తు ఒకటి. ముందే తెలిసి ఉన్న అనుభవం రెండవది. ఆ రెంటి కలయిక వల్ల పుట్టిన నిర్ణయం మూడవది. కథా పాఠకుడు చేసే పని కూడ సరిగ్గా ఇదే. కథ గుర్తును ఇస్తుంది. పాఠకుడు అనుభవాన్ని తెస్తాడు. గ్రహింపు ఆ రెంటికీ పుట్టిన బిడ్డ. గుర్తు లేకుండా అనుభవంతోనే చెప్పినది ఊకదంపు. అనుభవాన్ని జోడించకుండా గుర్తును మాత్రమే అప్పజెప్పడం చిలుకపలుకు.

ఉర్దూలో ఈ అర్థానికి ఖియాస్ అనే మాట ఉన్నది. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో అది ఒక పారిభాషిక పదం. తెలిసిన విషయానికీ కొత్త విషయానికీ ఒకే హేతువు ఉన్నదని నిరూపించి, మొదటిదాని నిర్ణయాన్ని రెండవదానికి వర్తింపజేయడమే ఖియాస్. హేతువును చూపలేనివాని ఖియాస్ చెల్లదు. పంక్తుల నడుమ దాగిన అర్థాన్ని ఉర్దూ సాహిత్యకారులు బైనస్సుతూర్ అంటారు. సంస్కృత ఆలంకారికులు దానినే వ్యంగ్యార్థం అన్నారు. పొద్దు గుంకిందన్న ఒక్క మాట వినేవారిని బట్టి ఎన్ని అర్థాలిస్తుందో మమ్మటుడు కావ్యప్రకాశంలో వివరించాడు. పసులకాపరికి మందను మళ్ళించాలని, వర్తకునికి అంగడి కట్టాలని, దొంగకు బయలుదేరే వేళ అయిందని తోస్తుంది. మాట ఒక్కటే, సందర్భాన్ని బట్టి గ్రహింపు వేరు.

తెలుగు వాడుకలో ఒక విచిత్రం జరిగింది. శాస్త్రంలో ప్రమాణమైన అనుమానం వాడుకలో సందేహమై, శంకయై కూర్చున్నది. "నాకు అతనిమీద అనుమానం" అంటే ఆధారం ఉన్నదని ఎవరూ అనుకోరు. ఒకే పదం నిర్ణయానికీ, నిరాధారమైన శంకకూ పేరు కావడంలో ఒక హెచ్చరిక ఉన్నదని నాకు తోస్తుంది. ఆధారం పట్టుకొని నడిస్తే అది జ్ఞానం. ఆధారం విడిచిపెడితే అది అపనింద.

హామిద్ మూడు పైసలు

ఉదాహరణకు మన రెండు భాషల విద్యార్థులూ ఎరిగిన కథనే తీసుకుంటాను. ప్రేమ్‌చంద్ (1880–1936) రచించిన 'ఈద్‌గాహ్' 1933లో వెలువడింది. నాలుగైదేండ్ల హామిద్ తల్లిదండ్రులను కోల్పోయి నాయనమ్మ అమీనా వద్ద పెరుగుతున్నాడు. పండుగనాడు తోటి పిల్లలతో ఈద్‌గాహ్‌కు వెళ్తాడు. వారు మిఠాయిలు తిని, మట్టిబొమ్మలు కొంటారు. హామిద్ తనకున్న మూడు పైసలతో నాయనమ్మకు ఇనుప పట్టకారు కొనితెస్తాడు. కథ ఇంతే. ఇంతమాత్రం అప్పజెప్పిన బాలునికి పరీక్షలో మార్కులు కూడ వస్తాయి. అయితే కథ ఇంతేనా?

హామిద్ కాళ్ళకు చెప్పులు లేవనీ, తలమీద పాత టోపీ ఉన్నదనీ, దాని జరీ అంచు నల్లబడిందనీ రచయిత చెప్పాడు. చెప్పులు లేవంటే పేదరికం. ఇది ఏ పిల్లవాడైనా చెప్తాడు. జరీ నల్లబడిందన్న మాట మరింత లోతైనది. నల్లబడడానికి ముందు అది మెరిసిన జరీయే కదా! ఒకనాడు ఆ ఇంట పిల్లవాని తలకు జరీ టోపీ పెట్టగల రోజులు ఉండేవి. ఆ రోజులు పోయాయి. రచయిత ఆ వాక్యం వ్రాయలేదు. నల్లని జరీ వ్రాసింది.

తరువాత లెక్క చూడండి. అమీనా బట్టలు కుట్టి సంపాదించిన ఎనిమిది అణాలను పండుగ కోసం దాచుకొన్నది. పాల బాకీ వంటివి పోగా మిగిలినవి రెండణాలు. వాటిలో మూడు పైసలు హామిద్ జేబులోనికి, ఐదు పైసలు అమీనా సంచిలోనికి చేరాయి. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందు అణాకు నాలుగు పైసలు. అంటే ఇంట మొత్తం ఉన్నది ఎనిమిది పైసలు. అందులో మూడింటిని ఆమె పిల్లవాని సరదాకు ఇచ్చింది. తోటివారిలో ఒకని వద్ద పన్నెండు, మరొకని వద్ద పదిహేను పైసలు ఉన్నాయి. వారి తండ్రులు ఉన్నదానిలో కొంత ఇచ్చారు. అమీనా లేనిదానిలో ఇంచుమించు సగం ఇచ్చింది. "హామిద్ నాయనమ్మ ప్రేమగలది" అని రచయిత చెప్పనవసరం లేదు. కూడికలు, తీసివేతలు తెలిసిన పిల్లవాడు తానే చెప్తాడు.

ఇక అంగడి దృశ్యం. రొట్టెలు తీసేటప్పుడు పెనం తగిలి నాయనమ్మ వేళ్ళు కాలుతాయని హామిద్‌కు జ్ఞప్తికి వస్తుంది. అతడు ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూచి ఉండాలి! అమీనా ఇన్నాళ్ళుగా పట్టకారు ఎందుకు కొనుక్కోలేదు? అంగడివాడు ఆరు పైసలు చెప్పి, ఐదుకు దిగి, చివరకు మూడుకు ఇచ్చాడు. ఎనిమిది పైసల ఇంటిలో ఆరు పైసల వస్తువు ఎందుకు లేదో ఇప్పుడు మనకు తెలుస్తుంది. ఒక గుర్తు మరొక గుర్తును వెలిగిస్తుంది. ఊహ అంటే ఇదే.

ఇక్కడ ఉపాధ్యాయుడు మరువరాని సంగతి ఒకటి ఉన్నది. పాఠకుడు తేవలసిన అనుభవం అతని వద్ద లేకపోతే ఊహ సాగదు. ముప్పది ఉపవాసాల తరువాత వచ్చే పండుగ ఉదయపు సంబరం తెలియని బాలునికీ, అణా–పైసల లెక్క వినని బాలునికీ ఈ కథలో సగం దీపాలు వెలగవు. అట్లే సంక్రాంతి కథలో గొబ్బెమ్మలు, హరిదాసు ప్రస్తావన రాగా, పట్టణపు ముస్లిం వాడలో పెరిగిన బాలిక మౌనంగా ఉండిపోవచ్చు. అది బుద్ధిమాంద్యం కాదు. భాషాలోపం కూడ కాదు. ముందుగా రెండు మాటలు చెప్పి ఆ సామగ్రిని అందించడం గురువు ధర్మం. తరువాత గ్రహించే పని పిల్లలదే.

తప్పుడు ఊహ: ముంగిస కథ

ఊహకు ఆధారం ఎంత అవసరమో చెప్పే కథ పంచతంత్రంలోనే ఉన్నది. ఐదవ తంత్రమైన అపరీక్షితకారకంలోని ముంగిస కథ అది. తల్లి నీళ్ళకు వెళ్ళింది. పెంపుడు ముంగిస ఊయలలోని శిశువును కాపాడి పామును చంపింది. ఆనందంతో ఎదురువచ్చిన ముంగిస మూతికి నెత్తురు చూచి, బిడ్డను తిన్నదని తలచి తల్లి నీళ్ళకుండను దానిపై పడవేసి చంపింది. లోపలకు వెళ్ళి చూస్తే బిడ్డ క్షేమం. పక్కన పాము తునకలు.

తల్లి కూడ ఊహే చేసింది. గుర్తు కనిపించింది: నెత్తురు. అనుభవం ఉన్నది: ముంగిస కరిచే జంతువు. నిర్ణయం వెంటనే వచ్చింది. మరి తప్పు ఎక్కడ జరిగింది? ఆ నెత్తురు ఇంకెవరిదైనా కావచ్చునా అని ఆమె అడుగలేదు. నాలుగడుగులు వేసి ఊయల చూడలేదు. పిల్లలతో ఈ కథ చదివేటప్పుడు నెత్తురు కనిపించిన చోట ఆగి, "ఏమి జరిగి ఉండవచ్చు?" అని అడగండి. మూడు నాలుగు ఊహలు వస్తాయి. అన్నింటినీ నల్లబల్లపై వ్రాయండి. తరువాత కథ చదివి ఏది నిలిచిందో, ఏది పడిపోయిందో పిల్లలచేతనే చెప్పించండి. ఊహను మార్చుకోవడం అవమానం కాదని, మార్చుకొనకపోవడమే అనర్థమని ఏ ఉపన్యాసమూ అవసరం లేకుండా తెలుస్తుంది.

మూలభావం

ఇప్పుడు రెండవ నేర్పు. "ఈ కథవల్ల మనకు తెలియు నీతి ఏమి?" అనే ప్రశ్న మన పాఠ్యపుస్తకాలకు తరతరాలుగా అలవాటు. నీతిని కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే విషయం, నీతి, మూలభావం అనే మూడూ వేరువేరు. కథ దేనిని గురించి అన్నది విషయం. అది ఒక మాటలో చెప్పవచ్చు. మనం ఏమి చేయాలన్నది నీతి. అది ఆజ్ఞారూపంలో ఉంటుంది. ఆ విషయాన్ని గురించి కథ అంతా కలిసి ఏమంటున్నదన్నది మూలభావం. అది పూర్తి వాక్యంలోనే చెప్పగలం. ఉర్దూ తరగతిలో మర్కజీ ఖయాల్ అని అడిగేది దీనినే.

'ఈద్‌గాహ్' విషయం పేదరికం, పండుగ, ప్రేమ. "డబ్బును వృథా చేయరాదు" అనేది చాలామంది పిల్లలు చెప్పే నీతి. దీనిని కథపై పెట్టి చూడండి. కథ పొదుపును గురించే అయితే పట్టకారు చూచి అమీనా సంతోషించి ఊరుకోవాలి. ఆమె మొదట కోపగించి, ఆపై ఏడ్చింది. బహుమానం అందుకొని ఏడ్వడం ఎందుకు? పిల్లవాడు తినక, త్రాగక, తోటివారి ఆటలు చూస్తూ నిలబడి కూడ తనను తలచుకొన్నాడని ఆమె గ్రహించింది. మనుమడు ఆ క్షణంలో పెద్దవాడైనాడు. వృద్ధురాలు పసిపిల్ల అయింది. కాబట్టి "ప్రేమ గలచోట పసివాడు కూడ పెద్దల బరువు మోస్తాడు" అన్నది మూలభావానికి దగ్గరి మాట. ఐదవ తరగతి బాలిక ఎవరైనా, "పేదరికం పిల్లవాని ఆటను లాగుకొన్నది" అంటే అదీ నిలుస్తుంది. హామిద్ గొప్పతనం వెనుక, బొమ్మ కోరుకోవలసిన ఈడులో బొమ్మను వద్దనుకొన్న ఒక పసివాని నష్టం ఉన్నది. "హామిద్ మంచి బాలుడు" అని ముగించే విద్యార్థికి ఆ దుఃఖం అందలేదు.

ముంగిస కథకు "తొందరపడరాదు" అనే నీతి అందరికీ తెలుసు. మూలభావం కోసం ఒక చిన్న వివరాన్ని పట్టుకోవాలి. తల్లి ముంగిసను బిడ్డతో సమానంగా పెంచినా, అది ఎప్పుడైనా హాని చేస్తుందేమోనని మొదటినుండీ లోలోపల శంకిస్తూనే ఉన్నది. నెత్తురు ఆ శంకకు సాక్ష్యం అయింది. "మనసులో ముందే ఉన్న అపనమ్మకం కంటికి కనిపించిన దానికి తన అర్థాన్నే తగిలిస్తుంది" అన్నది ఆ కథ మూలభావం. తొందరపాటు దాని ఫలితం మాత్రమే. సాటి మనిషిని గురించి, పొరుగు వాడను గురించి గాలివార్తలు విని తీర్మానాలు చేసే కాలంలో ఈ పాఠం ప్రాథమిక తరగతిలోనే బోధపడడం ఎంత మేలు!

మూలభావాన్ని పిల్లలచేత చెప్పించడానికి నాలుగు ప్రశ్నలు చాలు. ముఖ్యపాత్ర ఏమి కోరింది? దానికి ఏమి అడ్డు వచ్చింది? అప్పుడు ఏది ఎంచుకొన్నది? చివరకు ఎవరిలో ఏ మార్పు వచ్చింది? ఈ నాలుగు జవాబులను కలిపి, పాత్రల పేర్లు లేకుండా ఒక వాక్యం చెప్పుమనండి. ఆ వాక్యం కథ మొదలుకూ చివరకూ సరిపోతే అది మూలభావం. ఏదో ఒక సంఘటనకు మాత్రమే సరిపోతే అది సంఘటన సారాంశం. ఒక కథకు ఒకటికంటె ఎక్కువ మూలభావాలు ఉండవచ్చు; ఆధారం లేనిదానికి మాత్రం చోటు లేదు.

తరగతిలో చేయదగినవి

ప్రతి జవాబు తరువాత "నీకు ఎలా తెలిసింది?" అని అడగడం అలవాటు చేసుకోవాలి. తప్పు జవాబుకు మాత్రమే కాక సరియైన జవాబుకు కూడ అడగాలి. లేకపోతే ఆ ప్రశ్న మందలింపుగా మారిపోతుంది.

పలకమీదనో నోటుపుస్తకంలోనో మూడు గడులు గీయించవచ్చు. మొదటి గడిలో కథలో ఉన్న మాట, రెండవదానిలో నాకు ముందే తెలిసినది, మూడవదానిలో నేను గ్రహించినది. మూడవ గడి నిండి మొదటి గడి ఖాళీగా ఉంటే, ఆ ఊహకు కాళ్ళు లేవని పిల్లవాడే గుర్తిస్తాడు. ఒకటి, రెండు తరగతులలో ఇదంతా బొమ్మల సాయంతో నోటిమాటగానే సాగాలి.

ఇంట ఉర్దూ మాట్లాడే పిల్లలను ముందుగా ఉర్దూలోనే చెప్పనివ్వాలి. గ్రహింపు ఏ భాషలో పుట్టినా గ్రహింపే. ఆ తరువాత దానికి తెలుగు మాటలు అందిస్తే రెండు భాషలూ బలపడతాయి. భాష కుదరలేదని భావాన్నే ఆపివేస్తే రెండూ కుంటుపడతాయి.

అన్నింటికంటె ముఖ్యం, గైడు పుస్తకంలోని నీతివాక్యాన్ని నల్లబల్లపై వ్రాసి కంఠస్థం చేయించడం మానాలి. 2001 నుండి ఐదేండ్లకొకసారి నాల్గవ తరగతి పిల్లలకు పలుదేశాలలో జరుగుతున్న పిర్ల్స్ పఠన పరీక్షలో, చెప్పినదానిని వెదకి తీయడం ఒక మెట్టు మాత్రమే. సులభమైన ఊహలు చేయడం, భావాలను సమన్వయించడం, విమర్శించడం దానిపై మెట్లు. మన దేశంలో 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ కూడ మూడవ తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుంటూ చదవడాన్నే లక్ష్యంగా చెప్పింది. లక్ష్యం కాగితంపై బాగున్నది. ప్రశ్న అడిగే తీరు మారనిదే అది తరగతి గదిలోనికి రాదు.

కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ బాలకథల పుస్తకాలకు ఒక అర కేటాయించి, వారానికి ఒక గంట సమీప ప్రాథమిక పాఠశాలల పిల్లలతో మన విద్యార్థులు కథలు చదివే ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాను. దీనికి కావలసిన ధనం స్వల్పం, కావలసినది ఓపిక. ఒక పిల్లవాడు "పుస్తకంలో లేదు గాని, నాకు తెలిసింది సార్, ఇదిగో ఇక్కడ ఉన్న ఈ మాట వల్ల" అని వేలుపెట్టి చూపిననాడు ఆ గంట సార్థకమైనట్లే. ఆ వేలు రేపు వార్తాపత్రికమీద, ఒప్పందపత్రంమీద, ఎన్నికల వాగ్దానంమీద కూడ అట్లే నిలిచి "దీనికి ఆధారం ఏది?" అని అడుగుతుంది. అంతకంటె చదువు ఇంకేమి ఇవ్వగలదు!